పితరుల మందసము, బుద్ధుని పీఠము

లాఫ్కాడియో హెర్న్ 1894లో రెండు సంపుటములుగా ప్రకటించిన జపాను వర్ణనలలో ఇంటి పూజామందసమును గూర్చి ఒక ప్రకరణము కలదు. ఆంగ్లము మూలమున జపానును ఎఱిగిన మనవారు దానిని ప్రీతితో చదువుదురు. పాశ్చాత్యుడై యుండియు పితృభక్తిని ఇంత ఆదరముతో వర్ణించినవాడు మఱియొకడు లేడని మెచ్చుకొందురు. నేనును చాలకాలము అట్లే మెచ్చుకొంటిని. ఈ నడుమ ఆ ప్రకరణమును, జపాను జానపదవిజ్ఞానమునకు మూలపురుషుడైన యనగిత కునియో 1946లో ప్రకటించిన పితరుల గ్రంథమును ప్రక్కప్రక్కన నుంచుకొని మరల చదివితిని. మెప్పు తగ్గలేదు గాని సందేహ మొకటి పుట్టినది. ఇరువురును మందసపు తలుపులు తెఱచి చూపిరి. ఇరువురును అందలి పితరులను గూర్చి చెప్పవలసినదంతయు చెప్పిరి. పైమెట్టున కూర్చున్న బుద్ధుని మాత్రము, పెండ్లింట దూరపు చుట్టమును పలుకరించినట్లు ఒక మాట పలుకరించి దాటిపోయిరి. ఆ బుద్ధుడు అక్కడ ఎందులకు కూర్చున్నాడు?

మందసమును చూడనివారి కొఱకు దాని స్వరూపము కొంత చెప్పవలెను. బుత్సుదాన్ అనగా బుద్ధవేదిక. చూచుటకు రెండు తలుపులుగల కొయ్య బీరువా వలె నుండును. లోపల మెట్లు మెట్లుగా తీర్చియుందురు. ప్రతిమ నిలిచెడి పీఠమునకు శుమిదాన్ అని పేరు. మన సుమేరువే చీనాదేశము మీదుగా ప్రయాణముచేసి అక్కడ శుమి యైనది. ఆ మేరువుపై బుద్ధప్రతిమ గాని, చిత్రపటము గాని, నామాక్షరములు వ్రాసిన పటము గాని యుండును. దానికి క్రిందుగా ఇహాయ్ అను చిన్న నిలువుపలకలు. ఒక్కొక్క పలకపై ఒక్కొక్క మృతునికి మరణానంతరము పెట్టిన పేరును, మరణదినమును. ఇంకను క్రిందుగా దీపము, ధూపము, పూలు, నీరు లేక తేనీరు, గిన్నెవంటి కంచుగంట. ఉదయమున వంట కాగానే తొలియన్నమును చిన్నగిన్నెలోనికి తీసి అక్కడ పెట్టుదురు. గంట మ్రోగించి చేతులు జోడింతురు. పిదపనే ఇంటివారి భోజనము. చుట్టములు తెచ్చిన మిఠాయి మొదట అక్కడికి పోయి తరువాత పిల్లల చేతికి వచ్చును. పిల్లవాడు పరీక్షలో నెగ్గినచో ఆ పత్రమును గూడ అక్కడ పెట్టి చూపుదురు. షింటో దేవతల అఱ వేఱు. దానిని కమిదన యందురు, అది గోడకు ఎత్తున నుండును. ఒకే యింట రెండును ఉండుట సామాన్యము.

బీవా సరస్సు ఒడ్డుననున్న హికోనె పట్టణము ఈ మందసముల పనికి పేరుపొందినది. అక్కడ ఒక్క మందసమునకు ఏడు వృత్తులవారు చేయి వేయవలెను: కొయ్యపెట్టె చేయువాడొకడు, లోపలి చిన్న గోపురమును కూర్చువాడొకడు, చెక్కువాడొకడు, లక్క పూయువాడొకడు, బంగరుపొడితో చిత్రించువాడొకడు, బంగరురేకు అద్దువాడొకడు, లోహపు నగిషీ చేయువాడొకడు. మన యిండ్లలో గోడకు తొలిచిన దేవుని గూటిని తలచుకొన్నప్పుడు ఇంత ఆర్భాటము వింతగా తోచును. కాని ఆ బంగారమంతయు ఏ శాఖవారి యిండ్లలో నున్నదో ముందు చెప్పుదును; అది ఇంకను వింత.

హెర్న్ 1890లో జపాను చేరి, ఇజుమో సీమలోని మత్సుఎ పట్టణమున ఆంగ్లోపాధ్యాయుడుగా కుదిరెను. అక్కడనే కొయిజుమి సెత్సు అను ఆమెను చేపట్టెను. కనుక మందసమును యాత్రికుడుగా గాక ఇంటివాడుగా చూచెను. ఆ ప్రకరణమునకు ప్రాణము ఇదియే. ఐతే ఇజుమో షింటో మతమునకు పుట్టినిల్లు వంటిది. అందువలన హెర్న్ మొదటనే మృతుల మతమును రెండుగా విభజించెను: షింటోకు చెందిన పూజ ప్రాచీనమైనది, దేశ్యమైనది, బౌద్ధమునకు చెందినది తరువాత వచ్చినది. ఈ విభజన పైకి నిర్దోషముగా కనబడును. కాని ఒకసారి దీని నంగీకరించినచో బుద్ధుడు తన పీఠముపైననే అతిథియై పోవును.

పదేండ్ల పిదప, 1904లో, ఆతని కడపటి జపాను గ్రంథము వెలువడెను. అందులో ఇంటిమతమునకొక ప్రకరణము, మృతుల పరిపాలన మను పేర మఱియొక ప్రకరణము కలవు. మొదటి గ్రంథమున ఏ భక్తిని చూచి మురిసెనో, దానినే ఇందులో నుగముగా చూపెను: మృతులు జీవించియున్నవారిని ఏలుచున్నారనియు, వ్యక్తికి ఇంటిముందు స్వాతంత్ర్యము లేదనియు వ్రాసెను. మన వ్యాసకర్తలు మొదటి హెర్న్‌నే ఉదాహరించి రెండవ హెర్న్‌ను మఱచుట న్యాయము కాదు. మోజు తీరిన తరువాత గూడ ప్రేమ మానక, లోపము చెప్పగలిగిన రెండవవాడే నాకు మిన్నగా తోచును. ఐనను ఆతని కంటికద్దము మాత్రము మాఱలేదు. హెర్బర్టు స్పెన్సరు సమాజశాస్త్రమును, గ్రీకు రోమను నగరములను గూర్చి ఫ్యూస్టెల్ ద కూలాంజ్ 1864లో ప్రకటించిన గ్రంథమును ఆతడు వెంట నుంచుకొని జపానును చదివెను. రోమను గృహస్థుని అగ్నికుండము వద్ద వంశకర్తలు తప్ప పరులు లేరు గదా. కనుక జపాను మందసమునందును వంశకర్తలే కనబడిరి. బౌద్ధము ఆ పితృపూజను అంగీకరించి మెత్తబఱచిన దని ఆతడు ఒప్పుకొనెను. మెత్తబఱచుటయే గాని మార్చుట కాదని ఆతని తలంపు.

నిజమునకు ఈ మందసము అనాదికాలపుది కాదు. ప్రతి యింట బుద్ధస్థానము నేర్పఱచి ప్రతిమను, సూత్రగ్రంథములను ఉంచి పూజింపవలెనని తెమ్ము చక్రవర్తి 685లో శాసించినట్లు నిహోన్ షోకి అను ప్రాచీనచరిత్రమున నున్నది. ఆ 'ఇల్లు' సామాన్యుని ఇల్లా, అధికారుల స్థానమా అని పండితులు వాదింతురు. సామాన్యుని గుడిసెలో అంతటి మందసము ఆనాడు ఉండెనని నమ్ముట కష్టము. పల్లెపల్లెకును బుత్సుదాన్ చేరినది 17వ శతాబ్దమున. దానికి కారణము భక్తి యొక్కటే కాదు. తొకుగవ ప్రభువులు 1614లో క్రైస్తవమును దేశమంతట నిషేధించిరి. 1637–38లో షిమబర తిరుగుబాటు అణగిన పిదప ఆ కట్టుబాటు మఱింత బిగిసెను. ప్రతి కుటుంబమును ఏదో యొక బౌద్ధాలయమున పేరు నమోదు చేయించుకొని, తాము క్రైస్తవులము కామని అచ్చటి పూజారిచేత పత్రము పొందవలసివచ్చెను. ఇంట బుద్ధుడున్నచో అనుమానము లేదు. ఈ విధముగా ఆలయము సర్కారువారి చావడియు ఐనది. మందసము ఇంటివారి సాక్ష్యపత్రమును ఐనది. హెర్న్ మత్సుఎలో చూచిన సాయంకాల దీపము వెనుక ఈ భయమును గూడ కొంత చూడవలెను. ఆతనికి అది కనబడలేదు; దీపమును చూచువానికి నీడ వెంటనే కనబడదు కాబోలు.

యనగిత త్రోవ వేఱు. ఆతడు గ్రంథములనుండి గాక పల్లెవాడుకల నుండి పోగుచేసినవాడు. పితరుల గ్రంథమును ఆతడు 1945 వసంతమున, టోకియో నగరముపై బాంబులు కురియుచుండగా వ్రాసెను. ఈ సంగతి తెలిసి చదివినచో ప్రతి పుటయు బరువెక్కును. ఆతని సిద్ధాంత మిది: మృతుని ఆత్మ ఏ దూరలోకమునకును పోదు, ఊరి ప్రక్కనున్న కొండపైననే యుండి ఋతువు ఋతువునకు ఇంటికి వచ్చును. ముప్పది మూడు లేక ఏబది యేండ్లు గడచినపిమ్మట పేరును వ్యక్తిత్వమును వీడి, వంశపు పితృదేవతలలో కలిసిపోవును. ఇది దేశ్యమైన నమ్మకము. బౌద్ధులు వచ్చి ఆత్మలను అందరాని దూరమునకు పంపజూచిరి గాని ప్రజలు పంపలేదు. ఆ గ్రంథమున నొక ముసలివాడు కలడు. బస్సు ఆగుచోట యనగితకు తారసిల్లి, తాను పితరుడను కాబోవుచున్నానని ఉల్లాసముగా చెప్పెనట. చనిపోవుదునని కాదు, పిల్లలకు ఇండ్లు నిలిపి ఒక క్రొత్తవంశమునకు మొదటివాడను అగుదునని. ఇంతటి చిత్తరువు హెర్న్ పుటలలో లేదు. కడపట యనగిత వేసిన ప్రశ్న ఇంకను గుండె పట్టుకొనును: పెండ్లియైనను కాక యుద్ధమున కూలిన యువకులకు సంతానము లేదు, వారిని తలచువా రెవరు? బంధువుల పిల్లలను వారికి దత్తత చేసి, వారినే మొదటి పితరులుగా నిలిపి క్రొత్తవంశములు ఏర్పఱపుడని ఆతడు సలహా చెప్పెను.

ఈ సలహా ఎంత ఉదారమైనదో అంత ఇఱుకైనది. ఉదారము, దిక్కులేని మృతునికి చోటు కల్పించుటచేత. ఇఱుకు, వంశమను త్రోవ తప్ప వేఱు త్రోవ కానకపోవుటచేత. తలచుకొనుటకు వంశము కావలసిన దెందుకు? యనగిత దూరముగా నెట్టిన బౌద్ధమునందే దీనికొక సమాధాన మున్నది. అది ఓబోన్ పండుగ కథలోనే యున్నది.

ఓబోన్ ఏడవ నెల నడుమ వచ్చును. ఇప్పుడు పెక్కుచోట్ల ఆగస్టు నడుమ జరుపుదురు. మృతులు ఇంటికి వచ్చు దినము లవి. వాకిట నిప్పు వెలిగించి పిలుతురు. దోసకాయకు పుల్లల కాళ్లు గ్రుచ్చి గుఱ్ఱమును, వంకాయకు గ్రుచ్చి ఎద్దును చేయుదురు. వచ్చునప్పుడు గుఱ్ఱముపై త్వరగా వచ్చి, పోవునప్పుడు ఎద్దుపై మెల్లగా పోవుదురట. ఈ పండుగకు మూలము ఉల్లంబన సూత్రమని ప్రసిద్ధము. ఆ సూత్రము చీనాదేశముననే పుట్టినదని పలువురి మతము. ఐనను కథ మన మౌద్గల్యాయనునిది. ఆతడు దివ్యదృష్టితో చూడగా తల్లి ప్రేతలోకమున ఆకలితో మాడుచుండెను. అన్నము పెట్టెను. నోటికి పోకముందే అది నిప్పుకణికలై పోయెను. బుద్ధుని శరణుజొచ్చెను. నీ యొక్కని బలము చాలదు, వర్షావాసము ముగిసిన దినమున భిక్షుసంఘమునకు అన్నము పెట్టుము, ఆ పుణ్యమున నీ తల్లికి విముక్తి కలుగునని బుద్ధుడు చెప్పెను. 'ఉల్లంబన' మనగా తలక్రిందులుగా వ్రేలాడుట యని 7వ శతాబ్దినాటి చీనా నిఘంటుకారుడు అర్థము చెప్పెను. వ్యాకరణమునకు అది లొంగదు. కరషిమ సెయిషి అను జపాను పండితుడు 2013లో అది 'ఓదన' శబ్దపు ప్రాకృతరూపమనియు, మొత్తమునకు అన్నపు గిన్నె యని అర్థమనియు ప్రతిపాదించెను. సంస్కృతము చెప్పుకొని బ్రతుకువాడను గనుక నాకీ వ్యుత్పత్తిపై పక్షపాత ముండవచ్చును. ఐనను ప్రతి ఉదయమున మందసము ముందు పెట్టెడి ఆ చిన్నగిన్నెకు ఇంతకన్న తగిన పేరు దొరకునా!

ఈ కథలో రెండు సంగతులను గమనింపవలెను. మొదటిది, అన్నము కోరినది తండ్రి కాదు, తాత కాదు, తల్లి. రెండవది, కొడుకు స్వయముగా పెట్టిన పిండము చేరలేదు. పరులకు, వంశముతో సంబంధము లేని భిక్షువులకు పెట్టినదే చేరినది. రక్తసంబంధ మొక్కటే చాలదని కథ చెప్పుచున్నది. ఇచ్చినది నలుగురి చేతులమీదుగా పోయి మృతునికి అందవలెను. దీనికి సంస్కృతమున పరిణామన మని పేరు. జపానువారు ఎకో అందురు, ఇంటి పారాయణము చివర నేటికిని దానిని పలుకుదురు. పైమెట్టున బుద్ధుడు కూర్చున్నది ఇందుకే యని నా నమ్మకము. ఆతడు మృతులకు కావలివాడు కాడు; ఈ యింటి అన్నము ఈ యింటికే తిరిగిరాకుండ దారి మళ్లించువాడు.

ఈ భావమును తుదిముట్ట నడపినవాడు షిన్రన్ (1173–1263). తల్లిదండ్రుల ఋణము తీర్చుటకై తాను ఒక్కసారియు బుద్ధనామము జపింపలేదని ఆతడు చెప్పినట్లు శిష్యుడు వ్రాసియుంచెను. ప్రాణులన్నియు జన్మజన్మాంతరములలో తల్లిదండ్రులే గదా, ఒక్కరిని ఏరుకొనుట యెట్లని ఆతని హేతువు. ఆతని సంప్రదాయమును పల్లెలకు చేర్చిన రెన్‌న్యో (1415–1499) ఆఱు అక్షరముల నామపటములు వ్రాసి పంచెను. ప్రతిమ కొనలేని కాపు సైతము ఆ కాగితమును గోడకు వ్రేలాడదీసి ఇంటిని బుద్ధస్థానముగా చేసికొనెను. ఆ నామము, 'నము అమిద బుత్సు', మన అమితాభునికి నమస్కారమే. ఈ శాఖవారు మృతులకు దాహము లేదని నీళ్లు పెట్టరు. పలకల నుంచుట గూడ వారి నియమము కాదు. పితృపూజను ఇంతగా త్రోసిపుచ్చిన ఈ శాఖయందే మందసములు అన్నిటికన్న పెద్దవి, అన్నిటికన్న ఎక్కువ బంగారముతో మెఱయునవి! సంస్కర్త కాగితము పంచిపోయెను. అనుయాయులు దానికి బంగారు గోపురము కట్టిరి. సంస్కారము మాటలాడు మనకీ సంగతి క్రొత్తది కాదు.

బుద్ధుని వలన ఏమి మాఱినదో పలకల సాక్ష్యమున చూడవచ్చును. అమెరికా పండితుడు రాబర్ట్ జె. స్మిత్ 1974లో ప్రకటించిన గ్రంథమున ఇంటింటి పలకలను లెక్కించి చూచెను. సిద్ధాంతము ప్రకారము వంశకర్తలును వారి భార్యలును మాత్రమే అక్కడ నుండవలెను. కాని భార్య పుట్టింటివారి పలకలు కనబడినవి. పెండ్లికాక చనిపోయిన చెల్లెలు, పురిటిలో పోయిన బిడ్డ, దిక్కులేక యింటనే గడపిన దూరపు బంధువు, వీరి పలకలును కనబడినవి. అనగా పుస్తకములోని వంశమొకటి, వంటింటి ప్రక్కనున్న మందసమొకటి. ప్రతి ఉదయమున అన్నపుగిన్నె మోయుచున్నది సామాన్యముగా స్త్రీ. ఎవరికి పెట్టవలెనో ఆమెకు శాస్త్రము చెప్పకపోయినను తెలియును. హెర్న్ ఈ స్త్రీని చూచెను, ఆమె భక్తిని మెచ్చెను. కాని ఆమె తలంపున నున్న మృతు లెవరని అడుగలేదు. భర్త పితరులేయని ఊహించుకొనెను.

ఇది జపానునందే పుట్టిన విపరీతమని ఎవరైన తలతురేమో. నాగార్జునకొండ మహాచైత్యము స్తంభశాసనములను చూడవలెను. 3వ శతాబ్దమున ఇక్ష్వాకు రాజైన వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి చాంతిసిరి అక్కడ స్తంభములు నిలిపెను. తన దానఫలమును 'ఉభయకులముల' వారికి, గతించినవారికిని, ఉన్నవారికిని, రాబోవువారికిని పరిణమింపజేయుచున్నానని ప్రాకృతమున చెక్కించెను. పుట్టిన కులమొకటి, మెట్టిన కులమొకటి. పరిణామన మను ఆ మాటయే ఆమె వాడినది. గోత్రము మాఱిన స్త్రీ తన పుట్టింటి మృతులను గూడ పేరుపెట్టి తలచుకొనుటకు కృష్ణాతీరమున బౌద్ధము అవకాశ మిచ్చినది. మన మహాలయపక్ష తర్పణములందును కారుణ్యపితరులను పేర గురువు, మిత్రుడు, మామ, దిక్కులేనివాడు చోటు పొందుదురు. మన శాస్త్రము నిర్దయమైనదని నే ననను. కాని తర్పణము విడుచు చేయి ఎవరిదో అడిగినప్పుడు, ఆ విశాలత యంతయు ఒక్క వాకిటివద్ద ఆగిపోవును. కొడుకులు లేని తల్లికి కూతురు తద్దినము పెట్టవచ్చునా యని మన యిండ్లలో ఇప్పటికిని గుసగుసలే గదా.

ఇంతవఱకు బుద్ధుని పక్షమున వాదించితిని. ఎదుటివారి సాక్ష్యము దాచుట విమర్శ కాదు. మృతునికి పెట్టు పేరు, కైమ్యో యనునది, అర్థమునుబట్టి శీలనామము. జన్మతో వచ్చిన తేడాలు మఱచి అందఱును బుద్ధుని శిష్యులగుటకు గుర్తు. ఆచరణమున అది తరగతులుగా చీలెను. సామాన్యునకు ఒకటి, గృహపతికి ఒకటి, ప్రభువునకు ఇంకొకటి. పేరు పొడవైనకొలది ఆలయమునకు దక్షిణయు పొడవగును. జపాను బౌద్ధమునకు 'చావుమతము' అను ఎకసక్కెపు పేరు ఊరక రాలేదు. తమమురో తైజో 1963లో ఆ మాటనే తన గ్రంథమునకు పేరుగా పెట్టెను. ఇంతకన్న ఘోర మింకొకటి కలదు. చర్మపుపని మొదలగు వృత్తులవారిని జపాను సమాజము అంటరానివారిగా వెలివేసినది. వారు చనిపోయినప్పుడు కొన్ని ఆలయములవారు పశువను అర్థము గల అక్షరమును, తోలు అను అర్థము గల అక్షరమును చేర్చి పేర్లు పెట్టిరి. శ్మశానపు రాళ్లపైనను ఆలయపు పట్టికలందును అవి నిలిచిపోయినవి. ఇంట ఉదయమున అన్నము పెట్టి ఆ పేరు చదువవలసిన తల్లిని తలచుకొనుడు. ఆ అక్షరమున కర్థము తెలియని తల్లి యైనచో మఱింత దుఃఖము.

ఆ వెలివాడలలో ఎక్కువమంది షిన్రన్ శాఖవారే. 1922లో వారు క్యోటోలో సుయిహైషా అను సమతాసంఘమును స్థాపించి, తమ శాఖలోని రెండు పెద్ద ఆలయములకు ఇరువదియేండ్లు చందా ఈయమని తీర్మానించిరి. ఆ సంఘప్రకటనను వ్రాసినవాడు ఆ శాఖకే చెందిన ఆలయమున పుట్టిన బిడ్డ, సైకో మంకిచి. సోతో జెన్ శాఖకు కనువిప్పు ఇంకను ఆలస్యమైనది. 1979లో అమెరికాలో జరిగిన సర్వమత సభలో ఆ శాఖాధికారి యొకరు జపానున వెలివేత యనునదే లేదని చెప్పిరి. దానిపై కలిగిన నిరసనల పిమ్మటనే ఆ శాఖ ఆ మాటను వెనుకకు తీసికొని, తన పట్టికలను, రాళ్లను వెదకి ఆ పేర్లను మార్చ బూనుకొన్నది. బుద్ధుడు పైమెట్టున కూర్చున్నంత మాత్రమున క్రిందిమెట్టు తనంతట సరిపడదని దీనివలన తెలియుచున్నది. ఈ విషయమున హెర్న్ కన్న యనగిత కన్న సైకో మంకిచినే మందసమును బాగుగా చదివినవాడని చెప్పుదును.

చట్టము సంగతి రెండు మాటలలో ముగింతును. 1898 నాటి పౌరస్మృతి 987వ విధి ప్రకారము వంశావళి, పూజాసామగ్రి, సమాధి, ఇవన్నియు ఇంటి యజమానత్వమును పొందువాని ప్రత్యేకహక్కు. 1947లో ఆ యజమానత్వము రద్దయ్యెను. ఇప్పటి 897వ విధి ప్రకారము, ఆచారమునుబట్టి పూజ జరుపవలసిన వారికి అవి చెందును. మృతుడు ఎవరినైన నియమించియున్నచో వారికే. కూతురైనను నియమింపబడవచ్చును. ఐతే ఇప్పుడు హక్కు కొఱకు తగవులకన్న బరువు దింపుకొనుటకు తహతహ యెక్కువ. నగరపు చిన్న యిండ్లలో బంగారు గోపురమునకు చోటు లేదు. బల్లపై నిలుచు చిన్న పెట్టెలు వచ్చినవి. పలకకు మాఱు ఛాయాచిత్రము నిలిచినది. పాత మందసమును తీసివేయదలచినవారు పూజారిని పిలిచి, అందలి చైతన్యమును ఉపసంహరింపజేసి, అటుపిమ్మట వదలుదురు. విగ్రహోద్వాసనము తెలిసిన మనకు ఇది విడ్డూరము కాదు. యనగిత బ్రతికియున్నచో దీనికి దుఃఖించును. హెర్న్ మొదటి గ్రంథము నాటివాడైనచో ఏడ్చును. నాకు మాత్రము ఆ ఛాయాచిత్రమును చూచినప్పుడు, మందసము తన పాతపనికే తిరిగివచ్చినట్లు తోచును: వంశమును కాక ఒక మనిషిని తలచుకొనుట.

మఱియొక సంగతి చెప్పి విరమింతును. ఈ యిరువురును వంశమునే మందసమునకు ఆధారముగా చూచిరి గదా. యనగిత పుట్టినది మత్సుఒక వారింట. 1901లో యనగిత వారింటికి దత్తుడై వచ్చి, 1904లో ఆ యింటి కుమార్తెను పెండ్లాడెను. ఆతడు గ్రంథమున కొనియాడిన పితరులు ఏ యింటివారైనను, ప్రతి ఉదయము ఆతని మందసమునందు నిలిచిన పేరు మామగారిది. హెర్న్ కథ ఇంకను విచిత్రము. గ్రీకుతల్లికి, ఐరిష్‌తండ్రికి పుట్టి, 1854లో డబ్లిను విడిచిపోయిన ఆ తల్లిని మరల ఎన్నడును చూడక పెరిగెను. 1896లో జపాను పౌరుడై, భార్య యింటిపేరు స్వీకరించి కొయిజుమి యాకుమో అయ్యెను. 1904లో చనిపోయినప్పుడు టోకియోలో బౌద్ధవిధిని అంత్యక్రియలు జరిగినవి. ఆతనికి పెట్టిన మరణానంతర నామమున సంబోధి యను అర్థము గల మాటతోడను, నిర్మలపుష్ప మను అర్థము గల మాటతోడను యాకుమో అను పేరు గూడ నిలిచియున్నది. చివర కోజి అనియున్నది. అది మన గృహపతి శబ్దమునకు చీనావారు చేసిన అనువాదము.